వంశధార వెంబడి పాత స్థలాలు: గుణుపురం నుంచి కళింగపట్నం దాకా ఏ వరసలో చూడాలి?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. డిసెంబరు ఆఖరులో పిల్లలకు సెలవులు. అమ్మాయి తొమ్మిదో తరగతి, బాబు ఆరో తరగతి. ఇద్దరిదీ ఒడియా మీడియం. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, చదవమంటే మాత్రం కూడబలుక్కుంటారు. బడి తరఫున పూరీ, కోణార్క్ చూసొచ్చారు. ఆ గుళ్ళు కట్టిన గంగరాజులు అంతకుముందు ఎక్కడ ఉండేవారని అడిగితే ఇద్దరికీ తెలియలేదు. మన ఊరి నుంచి కారులో పొద్దున బయలుదేరి మధ్యాహ్నానికి తిరిగి రాగల దూరంలో వాళ్ళ పాత రాజధాని పెట్టుకుని పిల్లలకు చూపించకపోవడం నాకు చాలా బాధగా ఉంది.

కారు మాట్లాడుకుని రెండు మూడు రోజులు వంశధార చుట్టుపక్కల గుళ్ళు, బౌద్ధ స్థలాలు, మ్యూజియం ఏదైనా ఉంటే అదీ చూపించాలనుకుంటున్నాను. అత్తయ్యగారు కూడా వస్తానంటున్నారు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. ఎక్కడ మొదలుపెట్టాలి, దేనికి ఎంత టైమ్ ఇవ్వాలి, పెద్దావిడతో మహేంద్రగిరి వెళ్ళగలమా? తిరిగినవాళ్ళు చెప్పండి.

రైలుబాబాయి (గుణుపురం)

అమ్మా, కారు తప్పదు సరే, కానీ పిల్లల్ని ఒక్కసారైనా గుణుపురం నుంచి పర్లాకిమిడి దాకా రైల్లో తీసుకురండి. ఆ లైనే ఒక చరిత్ర. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో రాజావారు సొంత ఖర్చుతో వేయించిన చిన్న బండి అది. పట్టాల మధ్య రెండున్నర అడుగులే. తర్వాత గుణుపురం దాకా పొడిగించారు, 1931కి అక్కడికి చేరింది. 2004లో ఆ బండి ఆపేసి పెద్ద లైను పని మొదలుపెట్టారు, 2011లో గుణుపురానికి పెద్ద రైలు వచ్చింది. కిటికీలోంచి పొలాలు, కొండలు, ఏటి లంకలు చూపిస్తూ పిల్లలకు ఈ నేల ఎలా ఉంటుందో చెప్పొచ్చు. నది ఎటు పారుతుందో తెలియకుండా నది ఒడ్డు గుళ్ళు చూపిస్తే వాళ్ళకి ఏం అర్థమవుతుంది?

రాయగడ కుర్రాడు (రాయగడ)

అక్కా, ఎగువ నుంచి మొదలుపెట్టేటట్టయితే పద్మపురం కలుపుకోండి. గుణుపురం సబ్ డివిజన్‌లోనే. జగమండ కొండ మీద శివాలయాలు ఉన్నాయి, 7వ శతాబ్దపు శాసనం కూడా ఉంది. మన వైపు వాళ్ళు మజ్జిగౌరమ్మ గుడికి వేలమంది వస్తారు, పద్మపురం పేరు చెబితే ఎక్కడుందని అడుగుతారు. కొండ ఎక్కడం ఉంది కాబట్టి అత్తయ్యగారు కింద కూర్చోవాల్సి వస్తుంది.

పుట్టాసింగి వైపు వెళ్ళి సవర వాళ్ళ గోడబొమ్మలు చూడాలని కూడా అనిపిస్తుంది. అవి వాళ్ళ ఇళ్ళల్లో పూజ కోసం వేసుకునేవి. తెలిసినవాళ్ళు తీసుకెళ్తే తప్ప ఫోన్ పట్టుకుని ఇళ్ళల్లోకి దూరడం నాకు అస్సలు నచ్చదు. ఆదివాసీల జీవితం గురించి పిల్లలకు చూపించాలంటే కొరాపుట్‌లో శబర శ్రీక్షేత్రం అనే జగన్నాథుడి గుడి పక్కన ఉన్న ట్రైబల్ మ్యూజియం మంచిది. అది వేరే ట్రిప్పు పెట్టుకోండి.

శాసనాల మాస్టారు (కాశీనగర్)

అమ్మా, మీ ప్రశ్న చదివి సంతోషం కలిగింది. నా మాట ఒక్కటే. ఏడెనిమిది చోట్లు పెట్టుకోవద్దు. శ్రీకాకుళం జిల్లాలోని ముఖలింగానికి ఒక పూర్తి రోజు ఇవ్వండి. మిగిలినవి దాని చుట్టూ అమర్చుకోండి.

ఎందుకో చెబుతాను. తూర్పు గంగరాజుల కళింగనగరం అదే. వజ్రహస్తుడికి 1038లో, అనంతవర్మ చోడగంగదేవుడికి 1078లో పట్టాభిషేకం జరిగిన కాలంలో రాజ్యం ఇక్కడి నుంచే నడిచింది. చోడగంగు తల్లి చోళ రాజకుమార్తె. తర్వాత చోడగంగే రాజధానిని కటకానికి (కటక్) మార్చాడు. పూరీలో జగన్నాథుడి పెద్ద గుడి మొదలుపెట్టించింది ఆయనే. కోణార్క్ కట్టించిన నరసింహదేవుడు ఆ వంశం వాడే. మీ పిల్లలు చూసొచ్చిన వాటికి వేరు ఇక్కడుంది.

గుళ్ళు మూడు. మధుకేశ్వరం, భీమేశ్వరం, సోమేశ్వరం. అందరూ మధుకేశ్వరంలో దర్శనం చేసుకుని వెనక్కి వచ్చేస్తారు. దయచేసి అలా చేయకండి. సోమేశ్వరం ఊరి మొదట్లోనే ఉంటుంది. ముందు మండపం లేకుండా ఒక్క విమానమే (గర్భగుడి, దాని మీది శిఖరం) నిలబడి ఉంటుంది కాబట్టి శిల్పాలు ఎండ వెలుతురులో బాగా కనిపిస్తాయి. ముందు అదే చూడండి, పిల్లల కన్ను అలవాటు పడుతుంది. తర్వాత మధుకేశ్వరంలోకి వెళితే చీకట్లో కూడా ఏం వెతకాలో వాళ్ళకే తెలుస్తుంది.

స్థలపురాణం అత్తయ్యగారి చేత చెప్పించండి, ఆవిడకు తెలిసే ఉంటుంది. ఇప్పచెట్టు పువ్వుల కోసం సవర దొర భార్యలిద్దరూ తగువుపడితే ఆయన చెట్టు నరకబోయాడని, మొదట్లో శివుడి ముఖం కనిపించిందని చెబుతారు. లింగం వెనక పెద్ద గోలెం ఉంటుంది, అది మొక్కుకున్న కుమ్మరి కథ కూడా అడగండి.

ఇక శాసనాలు. గోడల మీద, స్తంభాల మీద వందకు పైగా ఉన్నాయి. సంస్కృతంలో, తెలుగులో. చాలావాటిలో విషయం అఖండ దీపానికి ఇచ్చిన దానం. ఎవరు ఇచ్చారు, ఏ శక సంవత్సరం అన్నది ఉంటుంది. శక సంవత్సరానికి 78 కలిపితే మన లెక్క వస్తుంది. శకం 960 అంటే 1038. ఇది మీ బాబుకి చెప్పండి, వాడే లెక్క కడతాడు. అక్షరాలు కనిపించాలంటే టార్చి ఎదురుగా కాకుండా పక్క నుంచి ఏటవాలుగా వేయాలి. సుద్దపొడి, పసుపు, నూనె రాయడం మాత్రం వద్దు. రాయి పాడైపోతుంది. ముఖలింగం, శ్రీకూర్మం శాసనాల పాఠాలు దక్షిణ భారత శాసనాల 5వ సంపుటంలో అచ్చయి ఉన్నాయి. దాని పేజీలు రెండు మూడు ఫోన్‌లో పెట్టుకుని వెళ్ళి, అదే శాసనం గోడ మీద దొరికితే పిల్లల ఆనందం చూడాలి.

రుషికుల్య తీరం (బరంపురం)

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే ఒక మాట. కళింగ కథ గంగరాజులతో మొదలుపెడితే సగం నుంచి చెప్పినట్టు కాదా? పిల్లలకి మొదట చూపించాల్సింది జౌగడ. బరంపురం నుంచి గంట ప్రయాణం, పురుషోత్తంపూర్ దగ్గర రుషికుల్య ఒడ్డున. అశోకుడి శాసనం కొండరాతి మీద ఉంది. 1850లో వాల్టర్ ఎలియట్ దానికి నకలు తీయించాడు.

నాకు అక్కడ ఎప్పుడూ మనసు పట్టేసే విషయం ఒకటి ఉంది. కళింగ యుద్ధంలో లక్షమంది చచ్చిపోయారని, లక్షన్నర మందిని పట్టుకుపోయారని అశోకుడు పశ్చాత్తాపపడిన 13వ శాసనం కళింగలో ఎక్కడా లేదు. భువనేశ్వర్ దగ్గరి ధౌళిలో లేదు, జౌగడలో లేదు. 11, 12, 13 తీసేసి, వాటి స్థానంలో రెండు ప్రత్యేక శాసనాలు చెక్కించాడు. ధౌళిలో తోసలి నగరం అధికారులకు, జౌగడలో సమాప నగరం అధికారులకు. ప్రజలంతా నా బిడ్డలు, కారణం లేకుండా ఎవరినీ చెరలో పెట్టకండి, హింసించకండి అని ఆజ్ఞ. ఓడిపోయిన జనం ముందు యుద్ధం లెక్కలు చెప్పకుండా అధికారులను హెచ్చరించాడు. తొమ్మిదో తరగతి అమ్మాయితో దీని గురించి మాట్లాడండి. ఎందుకలా చేశాడని ఆ పిల్ల ఏమంటుందో వినాలని ఉంది.

శాసనాల మాస్టారు

మీరు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. జౌగడ చూడాల్సిందే. కానీ అది రుషికుల్య. ఈమె అడిగింది వంశధార. మూడు రోజుల్లో రెండు నదులు పెడితే రోజంతా కారులోనే గడుస్తుంది, పెద్దావిడ నలిగిపోతారు. జౌగడ, తారాతారిణి, గంజాం దగ్గర 1768లో కట్టిన పోటాగడ కోట, ఈ మూడూ కలిపి ఇంకో సెలవులకు బాగా కుదురుతాయి.

రుషికుల్య తీరం

ఒప్పుకున్నాను. అక్కా, ఎండాకాలం కాకుండా ఎప్పుడైనా రండి, నేను దగ్గరుండి చూపిస్తాను.

కొండదారి (మోహన)

మహేంద్రగిరి సంగతి నేను చెబుతాను. ఎత్తు 1501 మీటర్లు. భీముడి గుడి, కుంతి గుడి, యుధిష్ఠిరుడి గుడి అని పిలిచే మూడు ఆలయాలు ఉన్నాయి. భీముడి గుడి చిన్నదే, కానీ పెద్ద పెద్ద రాతి దిమ్మలు పేర్చి కట్టినది, చూస్తే ఎలా ఎత్తారో అనిపిస్తుంది. గంగరాజులకు కులదైవం మహేంద్రగిరి మీద గోకర్ణేశ్వరుడు. చోళుల దండయాత్ర గుర్తు కూడా అక్కడ ఉంది, రాజేంద్రచోళుడి పేరుతో శాసనం, పక్కన పులి, రెండు చేపలు చెక్కి ఉంటాయి.

పెద్దావిడతో వద్దమ్మా. గుళ్ళు ఒకచోట లేవు, కొండ మీద అక్కడొకటి ఇక్కడొకటి. ఎంత దూరం బండి వెళ్ళినా నడక తప్పదు. డిసెంబరులో మంచు కమ్మితే ఎదుట మనిషి కనిపించడు. పిల్లలు కాస్త పెద్దయ్యాక, శివరాత్రి రద్దీ లేని రోజు చూసుకుని వెళ్ళండి.

మహేంద్రతనయ

అందరికీ చాలా థాంక్స్. మహేంద్రగిరి, జౌగడ ఈసారికి పక్కన పెట్టాను. అత్తయ్యగారికి చదివి వినిపించాను. ఇప్పచెట్టు కథ ఆవిడ మాస్టారి కంటే పెద్దగా చెప్పారు!

ఇంకో విషయం. మా వీధిలో ఒకాయన గిడుగు రామమూర్తిగారు ఇక్కడే పనిచేశారని, ముఖలింగానికి ఆయనకి సంబంధం ఉందని అన్నారు. మా పిల్లల బడిలో ఆయన పేరు ఎవరికీ తెలియదు. ఎవరైనా వివరంగా చెబుతారా?

శాసనాల మాస్టారు

చెబుతాను, ఇది చెప్పకుండా మన ఊళ్ళ చరిత్ర పూర్తికాదు.

ఆయన పుట్టింది 1863 ఆగస్టు 29న, ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో. 1880లో ముప్ఫై రూపాయల జీతం మీద పర్లాకిమిడి రాజావారి బడిలో చేరారు. అక్కడే చాలా ఏళ్ళు పాఠాలు చెప్పారు. శాసనాలు చదవడం ఆయనకు ఎవరూ నేర్పలేదు. ముఖలింగం గోడల ముందు నిలబడి తనంతట తానే నేర్చుకున్నారు. ఆ శాసనాల ఆధారంతో కళింగనగరం అంటే ముఖలింగమేనని వాదిస్తూ ఇంగ్లీషులో వ్యాసాలు రాశారు. సాలిహుండం కొండ మీద బౌద్ధ శిథిలాలు ఉన్నాయని 1919లో బయటపెట్టింది కూడా ఆయనే. అంటే మీరు వెళ్ళబోయే రెండు ముఖ్యమైన చోట్లా మీ ఊరి బడిపంతులు ముందే నడిచి ఉన్నారు.

సవరల కోసం చేసినది ఇంకా గొప్పది. సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని భాష నేర్చుకున్నారు, తెలుగు లిపిలో సవర పాఠాలు రాశారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే తనకు వద్దని, ఆ డబ్బుతో సవర పిల్లలకు బడి పెట్టమని అడిగారు. ఈయన పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నారు. పర్లాకిమిడి పిల్లలకు తెలియకపోవడం మన తప్పే, బడిని అని లాభం లేదు.

రైలుబాబాయి

మాస్టారూ, 1936 సంగతి కూడా చెప్పండి. ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడింది. మహారాజా కృష్ణచంద్ర గజపతి పర్లాకిమిడిని అందులో చేర్పించడానికి పాటుపడ్డారు. గిడుగువారు తెలుగువాళ్ళ తరఫున గట్టిగా ఎదిరించారు. చివరికి పర్లాకిమిడి ఒడిశాలోకి వెళ్ళిన రోజున ఈ ఊళ్ళో ఉండలేక రాజమండ్రి వెళ్ళిపోయారు. 1940లో పోయారు.

మహారాజా తర్వాత ఒడిశా ప్రధానమంత్రి (అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే అనేవారు) అయ్యారు, పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాకి ఆయన పేరే పెట్టారు. ఇద్దరూ పెద్దవాళ్ళే. పిల్లలకు ఒకరిని మంచివాడని, ఒకరిని చెడ్డవాడని చెప్పకండి. ఆ రోజుల్లో ఎవరి నేల వాళ్ళకి ప్రాణం.

రాయగడ కుర్రాడు

సరిగ్గా అదే 1936లో మా వైపు మంగేయి గొమాంగో సవర భాషకు సొంత లిపి తయారుచేశారు. సోరంగ్ సోంపెంగ్ అంటారు. గుణుపురం చుట్టుపక్కల ఇప్పటికీ ఆ అక్షరాలను పూజిస్తారు. ఈ నదికి ఇంత చరిత్ర ఉందని మా కాలేజీలో ఎవరూ చెప్పలేదు. ఈ చర్చ ప్రింట్ తీసి పెట్టుకుంటున్నాను.

కొత్తూరు కోడలు (గుణుపురం)

నేను పుట్టింది ఆంధ్రా వైపు, మెట్టింది గుణుపురం. మీరు ముఖలింగం నుంచి సాలిహుండం వెళ్ళే దారిలో దంతపురం కలుపుకోవాలి. సరుబుజ్జిలి మండలంలో ఉంది, దంతవరపుకోట అంటాం. బుద్ధుడి దంతం ఉన్న దంతపురం అదే. అక్కడి నుంచే కళింగ రాకుమార్తె హేమమాల దాన్ని జడలో దాచుకుని సింహళానికి తీసుకెళ్ళింది.

రుషికుల్య తీరం

అమ్మా, అదే దంతపురం అని అందరూ ఒప్పుకోరు. పూరీ అనేవాళ్ళు ఉన్నారు, చిల్కా దగ్గర పాలూరు అనేవాళ్ళు ఉన్నారు. మేం గంజాం వాళ్ళం పాలూరు అంటాం.

కొత్తూరు కోడలు

ఒప్పుకోకపోతే మానేయండి. అక్కడ మట్టికోట గట్టు కనిపిస్తుంది, తవ్వకాల్లో బౌద్ధ కాలం నాటివి బయటపడ్డాయి. తొలి గంగరాజులు దంతపురం నుంచే దానశాసనాల రాగిరేకులు ఇచ్చారు. వాళ్ళు తిరిగిన ఏరు ఏదో మీరే చెప్పండి.

శాసనాల మాస్టారు

ఇద్దరూ చెప్పిన ఆధారాలు ఉన్నవే. పిల్లలకు రెండు వాదాలూ చెప్పండి. చరిత్ర అంటే తేలిపోయిన జవాబులే అనుకోకుండా ఉంటారు. అయితే దంతవరపుకోటలో చూడటానికి గట్టు, పొలాలు తప్ప పెద్దగా లేవు. ముందే కథ చెప్పి తీసుకెళితేనే ఉపయోగం. అది ఏటికి అవతలి ఒడ్డు, దారి తిరుగుడు. టైమ్ లేకపోతే వదిలేయండి.

కాశీనగర్ అక్క (కాశీనగర్)

సాలిహుండం గురించి ఎవరూ సరిగ్గా చెప్పలేదు కాబట్టి నేను రాస్తున్నాను. శ్రీకాకుళం నుంచి గార మండలం మీదుగా వెళ్ళాలి. కొండ ఎత్తేమీ కాదు, మెట్ల దారి ఉంది. మీ అత్తయ్యగారు మెల్లగా కూర్చుంటూ ఎక్కవచ్చు. పైన ఇటుకల స్తూపాలు, చైత్యాలు, విహారాల పునాదులు వరసగా ఉంటాయి. తవ్వకాల్లో ధాతువులు, అంటే అస్థికల లాంటి పవిత్ర అవశేషాలు పెట్టే భరిణెలు కూడా దొరికాయి. పైనుంచి చూస్తే వంశధార సముద్రం వైపు వెళుతూ కనిపిస్తుంది. పిల్లలకి మీరు గుణుపురంలో చూపించిన నది ఇదేనని చెప్పండి, రైలుబాబాయిగారు చెప్పినదంతా అక్కడ అర్థమవుతుంది.

అక్కడి మ్యూజియంలో తార, మారీచి లాంటి బౌద్ధ దేవతల విగ్రహాలు ఉన్నాయి. తొందరగా చూసి బయటికి రాకండి. స్తూపాన్ని పూజించిన కాలం నుంచి దేవతా విగ్రహాలను పూజించే కాలం దాకా ఒకే కొండ మీద బౌద్ధం ఎలా మారిందో వాటిలో కనిపిస్తుంది. మారీచి విగ్రహం కింద పందులను వెతకమని బాబుకి చెప్పండి. ఆమె రథాన్ని లాగేవి అవే.

ఒక బాధ కూడా చెప్పాలి. మన ప్రాంతంలోనే ఒక మ్యూజియంకి పిల్లల్ని తీసుకుని పనిదినాన వెళితే తాళం వేసి ఉంది. తాళం ఉన్నాయన భోజనానికి వెళ్ళాడన్నారు, సాయంత్రం దాకా రాలేదు. అంతదూరం నుంచి వచ్చిన పిల్లలు కిటికీలోంచి చూసి వెళ్ళారు. నాకు చాలా కోపం వచ్చింది. ఇంకోచోట పలకల మీద తెలుగూ లేదు, ఒడియా కూడా లేదు. ఎవరి ఊళ్ళో దొరికిన రాయో ఆ ఊరివాళ్ళే చదవలేకపోతే ఎలా? అందుకే సెలవు ఏ రోజో, తెరిచే వేళలేమిటో ముందు రోజే ఫోన్ చేసో, ఆ ఊళ్ళో తెలిసినవాళ్ళని అడిగో కనుక్కోండి.

మహేంద్రతనయ

సరే, ఇలా అనుకుంటున్నాను. మొదటి రోజు పొద్దున గుణుపురంలో మా చెల్లెలింటి నుంచి రైల్లో పర్లాకిమిడి. సాయంత్రం ఊళ్ళోనే మహేంద్రతనయ ఏటి ఒడ్డున బృందావన్ ప్యాలెస్, బయటి నుంచి గజపతి రాజభవనం. చిషోమ్ అనే ఇంగ్లీషు ఆర్కిటెక్ట్ గీసిన ప్లాను అని మా అమ్మాయి చెప్పింది. రెండో రోజు అంతా ముఖలింగం. రాత్రికి శ్రీకాకుళం. మూడో రోజు సాలిహుండం, కళింగపట్నంలో లైట్‌హౌస్, సముద్రంలో వంశధార కలిసే చోటు. వచ్చేటప్పుడు ఓపిక ఉంటే శ్రీకూర్మం. మాస్టారూ, ఇది బాగుందా?

శాసనాల మాస్టారు

చాలా బాగుందమ్మా. రెండు సూచనలు. శ్రీకూర్మం ఓపిక ఉంటే అనకండి, అదీ గార మండలంలోనే, దారిలోనే. అక్కడి స్తంభాల మీద తెలుగు శాసనాలు ముఖలింగం కంటే సులువుగా కనిపిస్తాయి. 1281 నాటి, మధ్వ సన్యాసి నరహరితీర్థుల శాసనం కూడా ఉంది. అత్తయ్యగారికి కూర్మనాథుడి దర్శనం అవుతుంది. ఆవిడ మూడు రోజులూ మీ కోసం తిరిగి, ఆవిడ కోరుకున్న దేవుడిని చూడకపోతే ఎలా?

రెండోది, శివరాత్రి తర్వాత వచ్చే చక్రతీర్థానికి ముఖలింగం వెళ్దామని పిల్లలు అడిగితే ఆ రోజు భక్తి కోసం వెళ్ళండి, శాసనాల కోసం కాదు. ఒడిశా వైపు నుంచి జనం లక్షల్లో వస్తారు.

రైలుబాబాయి

గుణుపురంలో బండి ఎక్కించే పని నాది. ముందు రోజు టైమ్ అడగండి, మారుతూ ఉంటుంది. కిటికీ సీట్లు ఎడమవైపు కావాలా కుడివైపు కావాలా అన్నది కూడా నేనే చెబుతాను. ముఖలింగంలో మంచి హోటళ్ళు లేవు కాబట్టి పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్ళండి. గుడి దగ్గర ఏటి ఒడ్డున చెట్ల కింద కూర్చుని తినొచ్చు. ప్లేట్లు, సీసాలు మాత్రం వెనక్కి తెచ్చేయండి.

మహేంద్రతనయ

తప్పకుండా బాబాయ్ గారూ. టార్చి కొన్నాను. శాసనాల పేజీలు అమ్మాయి ఫోన్‌లో పెట్టుకుంది. మాస్టారూ, వాటిలో మొదట ఏది వెతకమంటారో నంబరు చెబితే రాసుకుంటాం.

శాసనాల మాస్టారు

నంబరు నేను చెప్పను. శక సంవత్సరం స్పష్టంగా ఉన్నది ఏదైనా ఒకటి అమ్మాయినే ఎంచుకోమనండి. దొరికితే ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, అందరం కలిసి చదువుదాం.